చేతులు వెనక్కి

మా ఇంట్లో అందరిదీ ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళు ఏ పనైనా మాకంటే నిదానంగా చేస్తుంటే చూస్తూ ఊరుకోలేం. "ఇటివ్వు" అంటూ లాక్కుంటాం. నాన్న బతికున్నన్నాళ్ళూ అమ్మని ఒక్క సీసా మూత తీయనివ్వలేదు. అన్నయ్య ఆయన్ని మించిపోయాడు. వదిన చేతిలోంచి ఇస్త్రీపెట్టె లాక్కుంటాడు, తాళంచెవి లాక్కుంటాడు, చివరికి ఆవిడ ఏదైనా నవ్వొచ్చే సంగతి మొదలుపెడితే దాన్నీ మధ్యలో లాక్కుని తనే చెప్పేస్తాడు. అదీ తప్పుగా చెబుతాడు. నేనూ తక్కువేం తినలేదు. కాకపోతే నాకీ జబ్బుందని నాకు తెలుసు, వాళ్ళకుందని వాళ్ళకి తెలీదు. ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన గొడవంతా దీని చుట్టూనే తిరిగింది.

నేను డీజేని. స్కేటింగ్ హాల్లో పాటలు వేస్తాను. పెద్ద చెక్కనేల, దాని చుట్టూ ఇనుప పైపుల కంచె, చక్రాల బూట్లు కట్టుకుని గుండ్రంగా తిరిగే జనం. ఒక మూల మూడు మెట్లెక్కితే నేను నిలబడే చోటు. దాన్ని అందరూ డబ్బా అంటారు. హాలు యజమాని మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతుంటుంది. అది ఊదితే నేలమీద ఉన్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. ఆయన లేనప్పుడు మేమందరం ఆయన్ని విజిల్ సారనే పిలుస్తాం. ఉన్నప్పుడు సారంటాం.

నాకు పని నేర్పినాయన మంచివాడే. కానీ నేను మీట మీద చెయ్యి వేసేలోపే ఆయన చెయ్యి వచ్చి అక్కడ కూర్చునేది. "ఇలాగ, చూడు" అనేవాడు. చూసీ చూసీ కళ్ళు నేర్చుకున్నాయి గానీ చేతులు నేర్చుకోలేదు. ఆయన జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న వారంలో, ఎవరూ అడ్డం రానప్పుడు, నేను డీజేనయ్యాను. ఆ తర్వాత హాలు బయటిగోడమీద నా బొమ్మ వేసి "లేడీ డీజే" అని పెద్ద అక్షరాలతో రాశారు. మొదట్లో ఆ గోడ ముందు నుంచి కావాలని రెండుసార్లు నడిచేదాన్ని. కొన్నేళ్ళకి అది చూస్తే ఒళ్ళు మండటం మొదలైంది. ఒక్కదాన్నే ఉన్నంతకాలం నేను సర్కస్‌లో ఏనుగునే కదా, చూసి పోవడానికి.

అందుకని ఆ వేసవి మొదట్లో విజిల్ సారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆదివారం మధ్యాహ్నాలు నాకివ్వండి. కొత్త ఆడవాళ్ళ చేత పాటలు వేయిస్తాను."

"నీకేమైనా ఎండదెబ్బ తగిలిందా? సెలవుల్లో పిల్లాజెల్లా అంతా ఇక్కడే పడుంటారు. ఇప్పుడా నీ ప్రయోగాలు?"

"జనం లేని హాల్లో నేర్చుకుని ఏం చేసుకుంటారు సార్?"

ఆయన విజిల్‌ని గొలుసు మీద అటూ ఇటూ జరుపుతూ ఆలోచించాడు. "సరే. కానీ పాట ఆగకూడదు. చక్రాల మీదున్న మనిషికి పాట ఆగితే కాళ్ళు తడబడతాయి. ఎవరి చెయ్యో కాలో విరిగితే నా మెడకి చుట్టుకుంటుంది. ఒక్కసారి ఆగిందా, ఆ రోజుతో ఆదివారాలు బంద్. మళ్ళీ నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకోవద్దు."

"నేనెప్పుడు పెట్టుకున్నాను సార్?" అన్నాను గానీ ఆయన చెప్పిందాంట్లో న్యాయం లేకపోలేదు.

మేముండేది అన్నయ్య డ్రైక్లీనింగ్ షాపు పైన. కింద ఆవిరి, పైన నేను. నా గదిలో రెండు ప్లేయర్లు, వాటి మధ్య రెండింటి పాటల్నీ కలిపే మిక్సర్ పెట్టుకుని, వచ్చినవాళ్ళకి నేర్పేదాన్ని. ఆసుపత్రిలో డ్యూటీ దిగి తిన్నగా వచ్చే ఒక నర్సమ్మ, డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే ఒకమ్మాయి. మా అమ్మ నాకు దడ అని పేరు పెట్టింది. "ఏమే దడా, నీ దెబ్బకి గిన్నెలు అలమరలోంచి నడిచొస్తున్నాయే" అని వంటింట్లోంచి కేకేసేది.

ఒకరోజు వదిన పైకొచ్చింది. "కాస్త తగ్గించమ్మా, కింద మీ అన్నయ్యకి ఫోన్లో ఏం వినపడట్లేదట, అందరి మీదా అరుస్తున్నారు" అంది. చెప్పింది, వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి నర్సమ్మ చేతుల వంకే చూస్తోంది. పాట అయిపోయాక, చేతులు బట్టలకి తుడుచుకుని, "ఒక్కసారి ముట్టుకోనా?" అంది.

"ముట్టుకోవడమేంటి వదినా, రా" అన్నాను.

పని వినడానికి సులువే. ఒక ప్లేయర్‌లో పాట హాలంతటికీ వినిపిస్తుంటుంది. రెండోదాంట్లో తర్వాతి పాట మన చెవులకున్న హెడ్‌ఫోన్లలో మాత్రమే వినిపిస్తుంది. రెండింటి దెబ్బా ఒకే అడుగులో పడేట్టు సర్ది, రెండోదాని మీట మెల్లగా పైకి జరిపి, మొదటిదాన్ని ఆపేయాలి. వింటున్నవాళ్ళకి ఎక్కడ ఒకటి అయిపోయిందో, ఎక్కడ ఇంకోటి మొదలైందో తెలియకూడదు. అంతే. కానీ వదిన ఆ పని చేస్తుంటే నాకు ప్రాణం పోయేది. ఆవిడకి తొందరంటే ఏమిటో తెలీదు. చొక్కా కాలరు ఎంత నిదానంగా తిప్పుతుందో మీటనీ అంత నిదానంగా జరిపేది. నా కాలు దానంతటదే ఊగేది. గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. తిరిగి తిరిగి చివరికి "ఇటివ్వు వదినా" అని చెయ్యి పెట్టేసేదాన్ని.

"ఇదిగో, వచ్చింది మీ ఇంటి చెయ్యి" అంది వదిన. మూడోసారో నాలుగోసారో, కిందికి దిగి వెళ్ళి, ఎవరిదో కోటు బెల్టు పట్టుకొచ్చి నా చేతులు రెండూ వెనక్కి విరిచి కట్టేసింది. నర్సమ్మ పడీపడీ నవ్వింది.

"ఎవరిది వదినా ఈ బెల్టు?"

"జడ్జిగారిది. గురువారం ఇచ్చేయాలి. అప్పటిదాకా నువ్వు ఖైదీవి."

ఆ రోజు నుంచి మా గదిలో అదే చట్టమైంది. నేర్పేవాళ్ళ చేతులు వెనక్కి. నోటితో ఎంతైనా చెప్పొచ్చు, చెయ్యి మాత్రం ముందుకి రాకూడదు. నాకది ఎంత కష్టమో చెబితే నవ్వుతారు. దురద పెట్టినచోట గోక్కోకుండా ఉండటంలా ఉండేది. కానీ అప్పటి నుంచే వాళ్ళ ముగ్గురికీ పని అబ్బింది. నర్సమ్మ మొదటి ఆదివారం డబ్బా ఎక్కింది, కారమ్మాయి రెండో ఆదివారం ఎక్కింది. పాట ఆగలేదు. ఇక వదిన మిగిలింది.

అన్నయ్యతో గొడవ మధ్యాహ్నం పూట షాపులో అయింది. సెలవుల ప్రయాణాల బట్టలు కుప్పలు పడున్నాయి. ఎండకి తోడు ఆవిరి. ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది.

"ఆదివారం షాపెవరు చూస్తారు?" అన్నాడు అన్నయ్య.

"ఒక్క పూట మూసెయ్."

"మూసేస్తా. అది కాదు నా బాధ." చేస్తున్న పని ఆపి నా వంక తిరిగాడు. "నీకైతే అలవాటు. నలుగురు నవ్వినా దులిపేసుకుని పోతావ్. మీ వదిన దులుపుకోలేదే. అంతమంది ముందు తెల్లమొహం వేసుకుని నిలబడితే నేను చూడలేను. ఇక్కడ ఒక చొక్కా కాల్చిందనుకో, వారం రోజులు తిండి తినదు."

వదిన పక్కనే ఉంది. ఒక గౌను కుచ్చిళ్ళు ఒక్కొక్కటే వేలితో సరిచేస్తోంది. తలెత్తకుండానే, "నేనెప్పుడు కాల్చానండీ చొక్కా?" అంది.

"కాల్చలేదు. ఎందుకు కాల్చలేదు? నేను లాక్కుంటాను కాబట్టి."

"నేనూ అదే చెబుతున్నా" అంది వదిన.

అన్నయ్యకి అర్థం కాలేదు. నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను. వదిన చేతిలో గౌను ఆలస్యమవుతోందని తోచి, మాట్లాడుతూ మాట్లాడుతూనే "ఇటివ్వు" అని లాక్కుని తనే ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. ఒక కుచ్చు వంకరపోయింది. వదిన కుప్పలోంచి ఇంకో బట్ట తీసుకుంది. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"సరే, నేనూ వస్తా" అన్నాడు చివరికి. "చూస్తా. పాట ఆగిందంటే మాత్రం నేనే ఎక్కి తనని దింపి ఇంటికి తీసుకొస్తా. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆ మాటెత్తకూడదు. ఇద్దరికీ చెబుతున్నా."

వదిన తలూపింది. పైకొచ్చాక నా గదిలో తలుపు దగ్గరగా వేసి, నా రెండు చేతులూ పట్టుకుంది. "నాకో మాటివ్వు. నేను ఎక్కాక ఏం జరిగినా నువ్వు రాకూడదు. చెయ్యి రాకూడదు, మాటా రాకూడదు. నువ్వొచ్చి సర్దేశావంటే ఇంక నేను జన్మలో ఎక్కను. నాకు తెలుసు, ఎక్కలేను."

"పిచ్చా వదినా, ఏదైనా అయితే ఆదివారాలే పోతాయి. అందరివీ పోతాయి."

"పోనీ. మాటిస్తావా లేదా?"

ఇచ్చాను. ఇచ్చిన మరుక్షణం నుంచీ నాకు కాలు నిలవలేదు. మెట్లెక్కి, ఎందుకెక్కానో గుర్తులేక మళ్ళీ దిగేదాన్ని. అమ్మ విసుక్కుంది. "పరీక్ష దానికా నీకా? కుదురుగా ఓచోట కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ఆదివారం రానే వచ్చింది. హాలు కిక్కిరిసింది. బయట ఎండకి తట్టుకోలేక లోపలికొచ్చినవాళ్ళే సగం మంది. చెక్కనేల మీద చక్రాల రొద, పైన పంకాల రొద, వీటన్నిటి మీదా పాట. నర్సమ్మ మొదట ఎక్కి బాగానే నడిపింది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి వదిన మెడలో వేసి, వీపు తట్టి, నా పక్కకొచ్చి నిలబడింది. నేను డబ్బాలో వెనకగోడకి ఆనుకున్నాను. చేతులు వెనక్కి. ఎదురుగా కంచె అవతల అన్నయ్య. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని, పైపుని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. విజిల్ సారు నేలకి నడుమ, అందరినీ తప్పించుకుంటూ తిరుగుతున్నాడు.

వదిన జనం మొహాల వంక చూడలేదు. "మొహాలు చూస్తే నాకు భయం, వాళ్ళ కాళ్ళు చూస్తా" అని ముందే చెప్పింది. మొదటి పాట నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి వెళ్ళింది. అదే నిదానం. కానీ ఎక్కడా అతుకు కనపడలేదు. నేల మీద కొందరు అమ్మాయిలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని గొలుసులా తిరగడం మొదలుపెట్టారు. అన్నయ్య ఒక చెయ్యి పైపు మీంచి తీశాడు. నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు దాచుకోవాలి, చాలా గర్వంగా అనిపించింది.

అప్పుడు పాట ఆగింది.

ఏం జరిగిందో నాకు కనపడుతూనే ఉంది. తర్వాతి పాటని హెడ్‌ఫోన్లలో సర్దుకుంది. చక్కగా కుదిరింది. కుదిరిందన్న సంతోషంలో, మీట పైకి జరపడం మర్చిపోయి, హాల్లో వినిపిస్తున్న పాటని ఆపేసింది. కొత్తపాట ఆవిడ చెవుల్లో బ్రహ్మాండంగా మోగుతోంది. అది హాలంతా మోగుతోందనే అనుకుంటోంది. తల ఆడిస్తోంది. పెదాల మీద చిన్న నవ్వు కూడా ఉంది. పాట ఆగిపోయిందని హాల్లో అందరికీ తెలుసు, వేసినావిడకి తప్ప.

చక్రాలు వెంటనే ఆగవు కదా. జనం ఉన్న ఊపు మీద తిరుగుతూనే ఉన్నారు. చెక్క మీద చక్రాల చప్పుడు ఒక్కటే, గరగరమని. ఎవరో ఈలేశారు. ఎవరో "ఓ!" అని అరిచారు. విజిల్ సారు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"చెప్పు! చెప్పవేం!" నర్సమ్మ నా జబ్బ పట్టుకుని ఊపేస్తోంది. నేను తల అడ్డంగా ఊపాను. మీట నాకు బారెడు దూరంలో ఉంది. ఒక్క వేలు చాలు. నా కుడిచెయ్యి లేచింది కూడా. ఎడంచేత్తో దాని మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కాను.

అన్నయ్య కంచె దాటి వచ్చేశాడు. మెట్లెక్కుతున్నాడు. చెప్పినట్టే వస్తున్నాడు. రెండో మెట్టు మీద నిలబడి వదిన భుజం అందుకోవడానికి చెయ్యి చాపాడు. చాపినవాడు, ఆవిడ వెనక నన్ను చూశాడు. నా మొహం చూశాడు, తర్వాత నా భుజాలు, వెనక్కి పోయిన చేతులు చూశాడు. గాల్లో ఉన్న ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత దాన్ని మెల్లగా దించి తన వెనక పెట్టుకున్నాడు. రెండో చెయ్యి కూడా. బళ్ళో శిక్ష పడ్డ పిల్లల్లా ఇద్దరం అలా నిలబడ్డాం, ఒకరు ముందు, ఒకరు వెనక.

వదిన ఇంకా జనం కాళ్ళే చూస్తోంది. నవ్వు తగ్గింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. చెవుల్లో పాట ఒక నడకలో పోతోంది, కింద కాళ్ళు ఇంకో నడకలో పోతున్నాయి. ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపింది.

హాల్లో పాట లేదని అప్పుడు తెలిసింది ఆవిడకి. ఇక చెయ్యి గభాల్న మీట మీదికి పోతుంది, పాట ఢామ్మని పడుతుంది, చక్రాల మీదున్నవాళ్ళు ఉలిక్కిపడతారు అనుకున్నాను. నేనైతే అలాగే చేసేదాన్ని. వదిన చేయలేదు. ఒక చెవితో చక్రాలు వింటూ, ఒక చెవితో పాట వింటూ, ప్లేయర్ మీద పాట వేగం సర్దే చక్రాన్ని వేలితో కొంచెం తోసి, ఇంకొంచెం తోసి, పాటని ఆ కాళ్ళ నడకకి తెచ్చింది. అప్పుడు మీట పైకి జరిపింది. కాలరు తిప్పినంత నిదానంగా జరిపింది. చక్రాల చప్పుడు కిందనుంచి పాట లేచింది. గొలుసుకట్టిన అమ్మాయిలు కేకలు పెట్టి వేగం అందుకున్నారు. ఎవరూ పడలేదు. విజిల్ సారు నోట్లోంచి విజిల్ తీశాడు.

ఆట అయ్యాక ఆయన గదికి రమ్మన్నాడు. వెళ్ళాం. అన్నయ్య కూడా వచ్చాడు.

"పాట ఆగింది" అన్నాడు విజిల్ సారు.

కావాలనే ఆపాం సార్, ఈమధ్య అలా వేయడం ఫ్యాషన్ అని చెబుదామని నోరు తెరిచాను. ఆయన నమ్మేవాడే. జనం కూడా అలాగే అనుకున్నారు.

"ఆగిందండీ" అంది వదిన. "మీట జరపడం మర్చిపోయాను."

ఆయన కాసేపు విజిల్ గొలుసుతో ఆడుకున్నాడు. "నిజం చెప్పారు, సంతోషం. ఒక పని చేద్దాం. ఆదివారాలు ఉంచుతా. ఆ నర్సమ్మని, ఆ రెండో అమ్మాయిని రానివ్వండి. మీరు మాత్రం వద్దమ్మా." తర్వాత నా వంక చూశాడు. "ఏమంటావ్?"

నన్నడిగాడు! ఆవిణ్ణి కాదు. నా నాలిక చివర బోలెడు మాటలున్నాయి, అన్నీ పెద్దవే. పక్కన అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఇద్దరం ఒకేసారి ఊపిరి పీల్చుకుని, ఒకేసారి ఆగిపోయాం. అలా నోరు కట్టేసుకోవడం నాకు డబ్బాలో నిలబడ్డదానికంటే కష్టమైంది.

వదిన మా ఇద్దరి వంకా చూసింది. ఎవరో ఒకరు అందుకుంటారని చూసినట్టుంది. ఎవరూ అందుకోలేదు. అప్పుడు తనే ఆయన వైపు తిరిగింది.

"వచ్చే ఆదివారం తలుపులు తీయగానే మొదటి పాట నాకివ్వండి. అప్పుడు జనం పలచగా ఉంటారు. ఆగితే నేనే దిగిపోతా, మీరు చెప్పక్కర్లేదు. ఆగకపోతే మాత్రం పూర్తి మధ్యాహ్నం నాది."

"పూర్తి మధ్యాహ్నమా?"

"అవునండీ. సగం అలవాటై సగం కాకపోతేనే మర్చిపోతాం."

విజిల్ సారు అన్నయ్య వంక చూశాడు, ఏదైనా అంటాడేమోనని. అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. "సరే, చూద్దాం" అని గొణిగి ఆయన గోడమీది పాత క్యాలెండరు వైపు తిరిగాడు. చూద్దాం అంటే ఆయన దగ్గర ఒప్పుకోవడమే.

ఇంటికి నడుచుకుంటూ వచ్చాం. అన్నయ్య జేబులోంచి తాళంచెవి తీసి, షాపు తలుపు దగ్గర ఆగి, ఆలోచించి, వదిన చేతికిచ్చాడు. ఆ తాళం మొరాయిస్తుంది, దానికో కిటుకుంది. వదిన తిప్పుతోంది, అది తిరగట్లేదు. ఎండ నెత్తి మాడుస్తోంది. అన్నయ్య ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. తాళం వచ్చేసరికి ముగ్గురం చెమటతో తడిసి ముద్దయ్యాం.

ఆ తర్వాతి ఆదివారం పాట ఆగలేదని వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ గోడమీద బొమ్మ లేదు. వెల్లవేసి, వేళలు మాత్రం రాశారు. నేను అటుగా నడవడం మళ్ళీ మొదలుపెట్టాను.

నాకు గుర్తుండిపోయింది మాత్రం వదిన తాళం తీసిన మర్నాడు పొద్దున. నేను పైనుంచి మెట్లు దిగుతున్నాను. కౌంటరు దగ్గర ఎవరో పెద్దావిడ వచ్చి తొందరపెడుతోంది, బండికి టైమైపోతోందట. వదిన ఆవిడ గౌను కుచ్చిళ్ళు సర్దుతోంది, ఒక్కొక్కటే, వేలితో. వెనక అన్నయ్య నిలబడున్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముందునుంచి చూస్తే పెద్దమనిషిలాగే ఉండుంటాడు. నాకు వెనకభాగం కనిపిస్తోంది. వేళ్ళు ఒకదాన్నొకటి పీక్కుంటున్నాయి, మెలికలు తిరుగుతున్నాయి, ఒక చెయ్యి తప్పించుకోబోతే రెండోది పట్టుకుని లాగుతోంది. నవ్వాపుకోలేక మెట్టుమీద కూర్చుండిపోయాను. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంకా ఎంతసేపు?" అంది పెద్దావిడ, అన్నయ్యతోనే. "మీరు చేయకూడదూ?"

"నాకు ఆ కుచ్చిళ్ళు రావండీ" అన్నాడు అన్నయ్య. "వంకరపోతాయి."

వదిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఊరికే నిలబడే బదులు ఆ హ్యాంగరందుకోండి" అంది, వెనక్కి తిరక్కుండానే.